గురకను గాఢ నిద్ర అనుకుంటే ఎలా? రాత్రి ఆగే ఊపిరిపై మన ఇళ్ళలో మౌనం

నాందేడ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయి వెళ్ళే మనవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. అర్ధరాత్రి బోగీలో ఒక పెద్దాయన గురక మొదలవుతుంది. పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోతుంది. కొన్ని క్షణాలు చప్పుడుండదు. తర్వాత ఉక్కిరిబిక్కిరి అయినట్టు గట్టిగా గాలి పీల్చి మళ్ళీ మొదలుపెడతాడు. పై బెర్తు మీది పిల్లలు నవ్వుకుంటారు. "ఎంత హాయిగా పడుకున్నాడో" అంటారు పక్కవాళ్ళు. చప్పుడు లేని ఆ కొన్ని క్షణాల్లో ఆయన ఊపిరి ఆగిందన్న ఆలోచన ఎవరికీ రాదు.

దీన్ని వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు వెనుక కండరాలు వదులై గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. తెల్లారాక అతనికి ఇదేమీ గుర్తుండదు. కనీసం 10 సెకన్లు ఆగితే ఒకసారిగా లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అంటే జబ్బు ముదిరినవారికి రెండు నిమిషాలకోసారి ఊపిరి అడ్డుపడుతోందన్నమాట.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి ఈ జబ్బు ఉంది. మగవారిలో 13 శాతం, ఆడవారిలో 5 శాతం. మొత్తం 10 కోట్లకు పైమాటే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' సినిమాలకు పాటలు కట్టిన బప్పి లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో చనిపోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది. రెండు రోజులు టీవీల్లో చర్చ జరిగింది, తర్వాత అందరం మరిచిపోయాం.

ఇంట్లో ఎందుకు దాగిపోతోంది?

ఈ జబ్బుకు మొదటి సాక్షి రోగి కాదు, పక్కన పడుకున్న మనిషి. చిక్కంతా అక్కడే ఉంది. మామగారి గురక గురించి కోడలు నోరు విప్పదు. భర్త ఊపిరి ఆగి మొదలవడం చూసి భార్య రాత్రంతా మేలుకుంటుంది కానీ డాక్టరు దగ్గరకు ఆయన ఒక్కడే వెళ్ళి "నిద్ర బాగానే పడుతోంది" అని చెప్పి వస్తాడు. ఆడవారి విషయంలో మరీ కష్టం. గురక పెడతానని ఒప్పుకోవడమే నామోషీ. పిల్లలు హైదరాబాద్, పుణే వెళ్ళిపోగా ఒంటరిగా ఉంటున్న పెద్దలకైతే సాక్షే లేదు.

పగటి లక్షణాలకు మాత్రం మందులు వాడుతూనే ఉంటాం. పొద్దున లేవగానే తలనొప్పి, మాత్రలు వేసినా దిగని బీపీ, దుకాణంలో కూర్చుంటే కునుకు, చీటికీమాటికీ చిరాకు. ఒక్కోదానికి ఒక్కో గోళీ. వీటన్నిటి వెనుక రాత్రి ఆగే ఊపిరి ఉండవచ్చని అడిగేవారు తక్కువ.

ఇది ఆ ఒక్క మనిషితో ఆగేది కూడా కాదు. నాందేడ్ నుంచి దేగ్లూర్ మీదుగా సంగారెడ్డి వెళ్ళే 161వ జాతీయ రహదారి మీద రాత్రిపూట లారీ, జీపు నడిపేవారిలో మనవాళ్ళూ ఉన్నారు. రాత్రులు సరిగా ఊపిరాడని డ్రైవరుకు స్టీరింగ్ మీద రెప్ప వాలితే ఎన్ని ఇళ్ళు చీకటవుతాయో చెప్పనక్కరలేదు.

రాత్రి ఆయాసమంతా ఒకటి కాదు

మన పెద్దలు అన్నిటినీ కలిపి "దమ్ము" అనేస్తారు. తేడా తెలియాలి. తెల్లవారుజామున పిల్లికూతలతో, దగ్గుతో లేస్తే ఆస్తమా కావచ్చు. పడుకున్న గంట రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చోవలసి వచ్చినా, కాళ్ళు వాచినా, రెండు మూడు దిండ్లు లేకుంటే పడుకోలేకపోయినా గుండెను వెంటనే చూపించుకోవాలి. నోరు తెరిచి నిద్రపోతూ గురకపెట్టే పిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనుక కండ పెరిగి ఉండవచ్చు, ఈఎన్‌టీ వైద్యుడు చూడాలి.

పథకాల్లో దీని చోటెక్కడ?

స్లీప్ ఆప్నియాకు చికిత్స ఉంది. నిద్రలో ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీపాప్ యంత్రాన్ని 1981లోనే ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ లోకానికి పరిచయం చేశారు. కానీ దాని ధర పదుల వేలల్లో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఆ ఖర్చు తిరిగి ఇచ్చే నిబంధన ఉంది. సామాన్యుడికి దిక్కయిన మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు అండగా ఉన్నా, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పుట్టింది. ఒక రాత్రి నిద్ర పరీక్ష, ఇంట్లో ఏళ్ళ తరబడి వాడే యంత్రం ఆ చట్రంలో తేలిగ్గా ఇమిడేవి కావు.

2023 అక్టోబరు మొదట్లో విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు, వారిలో 12 మంది పసికందులు. బొంబాయి హైకోర్టు తనంతట తాను విచారణకు తీసుకుంది. మరాఠ్వాడాకే కాక సరిహద్దు తెలంగాణ పల్లెలకూ ఆ ఆసుపత్రే ఆధారమని అప్పుడు దేశమంతా తెలిసింది. ఒకేచోట జరిగిన మరణాలు ప్రశ్నలై లేచాయి. ఇంటింటా విడివిడిగా, నిద్రలో జరిగేవాటిని "పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు, పుణ్యాత్ముడు" అని సాగనంపుతాం.

అందుకే మేము కోరేది రెండే. మొదటిది ప్రభుత్వానికి: నిద్ర పరీక్షను, సీపాప్‌ను పేదల పథకాల్లోకి తేవాలి. లారీ, బస్సు డ్రైవర్ల ఆరోగ్య పరీక్షల్లో కంటిచూపుతో పాటు నిద్ర గురించీ అడగాలి. రెండోది మనకు: ఈ రాత్రి మీ ఇంట్లో గురక ఆగి మొదలవుతుంటే ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేయండి. దాన్ని తీసుకుని, పక్కన పడుకునే మనిషి కూడా వెంట ఉండి, ఛాతీ వైద్యుడి దగ్గరకో ఈఎన్‌టీ దగ్గరకో వెళ్ళండి. అప్పటిదాకా పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, రాత్రి మందు మానడం మేలు చేస్తాయి. నిద్రమాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

ఇంటాయన గురకను చూసి నవ్వుకునే ఇల్లాలే ఆయన ప్రాణానికి కాపలా. ఆమె మాట డాక్టరు దాకా చేరాలి.