ఒక్క బావి లోతు చాలదు



వేసవిలో బావిలోనికి తాడు వదలి "మా బావిలో నీరు 18 అడుగులకు పోయినది" అని చెప్పుకొనుట మనకు అలవాటు. అది ఆ ఒక్క బావి మాట. భూమిలోని నీరు ఊరంతటి క్రింద పరచుకొని, ఒకచోట మిట్టగా, ఒకచోట పల్లముగా ఉండును. ఆ మిట్టపల్లములు తెలిసినగాని నీరు ఎటు నడచుచున్నదో తెలియదు.

నెల్లూరు సముద్రతీరమున ఈ సంగతి మరింత ముఖ్యము. ఇసుక దిబ్బమీది బావి ఒర సముద్రమట్టమునకు 22 అడుగుల ఎత్తున ఉండి, నీరు 18 అడుగుల లోతున ఉన్నదనుకొనుడు. పల్లపు చేనిలోని బావి ఒర 9 అడుగుల ఎత్తున ఉండి, నీరు 6 అడుగుల లోతున ఉన్నదనుకొనుడు. చూచుటకు పల్లపు బావియే మేలు. లెక్కకు దిబ్బక్రింద నీరు సముద్రమునకు 4 అడుగులు పైన, చేనిక్రింద 3 అడుగులే పైన ఉన్నది. కనుక లోతు కొలిచిన చాలదు. ఒర ఎత్తును సర్వేయరుచే మట్టము వేయించవలెను.

ఒక్క అడుగుకు ఇంత పట్టింపేల అందురా? ఉప్పునీరు మంచినీటికన్న బరువు. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచోట క్రింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలువగలదని 19వ శతాబ్దము చివరనే శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. మోటార్లతో తోడి ఆ పైమట్టమును ఒక అడుగు దించి అట్లే ఉంచిన యెడల, కాలక్రమమున ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. నేడు తియ్యగానున్న ఫిల్టరు పాయింటు రేపు చవుడునీరు పోయును.

ఇక పటము గీయుట. ఊరి నక్షాపై బావులను గుర్తించి, ఒక్కొక్కదాని ప్రక్కన నీటి ఎత్తు వ్రాయుడు. దగ్గరి బావులను మూడేసి చొప్పున గీతలతో కలుపుడు. ఒక కొన 3, మరొక కొన 5 అయిన గీతకు నడుమ 4 పడును. ఇట్లు సమానమైన ఎత్తులను కలుపుకొని పోయిన నీటి మిట్టపల్లములు కాగితముపై తేలును. నీరు ఆ గీతలకు అడ్డముగా, ఎత్తునుండి పల్లమునకు నడచును.

ఈ పని నేడు కంప్యూటరు క్షణములో చేయును. కాని బావికి బావికి నడుమ ఉన్నది కొలత కాదు, అంచనా. అందమైన రంగుల పటము చూచి మోసపోరాదని నా అభిప్రాయము. దక్షిణాఫ్రికా బంగారు గనులలో 1951లో క్రిగె అను ఇంజనీరు ఆరంభించిన లెక్కనుండి పెరిగిన పద్ధతి అంచనాతోపాటు అది ఎంత నమ్మదగినదో కూడ చెప్పును. ఎవరైన పటము చూపిన యెడల ఆ రెండవ పటమును కూడ అడుగుడు.

మూడు తప్పులు తరచు జరుగును. బాటవెంట ఒకే వరుసలోని బావులను కొలిచిన, అడ్డపు వాలు తెలియదు. చివరి బావికిని సముద్రమునకును నడుమ ఏమియు కొలువక గీత సాగించుట రెండవది. ఉప్పునీరు తొలుత వచ్చునది అక్కడనే. పోటునీరెక్కు కాలువకు, రొయ్యల చెరువులకు ఇరువైపుల బావులను ఏమియు ఎరుగనట్లు కలుపుట మూడవది. ఇట్టిచోట్ల బావులు దగ్గరదగ్గరగా కొలువవలెను.

పటమును పరీక్షించు ఉపాయము సులభము. ఒక బావిని లెక్కలో చేర్చక పటము గీయుడు. అక్కడ నీరెంత ఉండునో పటమునుబట్టి చెప్పి, తరువాత వెళ్లి కొలువుడు. తేడా అడుగు దాటెనా, ఆ ప్రాంతమున కొలతలు చాలవని అర్థము.

ప్రభుత్వపు పరిశీలన బావులు ఉన్నవి గదా యందురు. అవి విశాల ప్రాంతమునకు ఉద్దేశించినవి. మీ ఊరి దిబ్బకును పల్లమునకును గల భేదము వానిలో కనబడదు. అనంతపురము, కర్నూలు మొదలగు 7 కరవు జిల్లాలలో 2003 తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే బావులు కొలిచి, పంటల లెక్క వేసుకొనిరి. వారు చేసినది మనము చేయలేమా?

కావున గ్రామాధికారులారా, 2002 నాటి వాల్టా చట్టము క్రింద క్రొత్త బోరునకు అనుమతి విషయము వచ్చినపుడు ముందు ఊరి నీటిపటము బల్లమీద పరచుడు. రైతులారా, మే నెలలో ఒకమారు, ఈశాన్య వానలు వెడలిన పిదప జనవరిలో ఒకమారు, తెల్లవారి మోటారు వేయకముందు, ఒరమీద అదే గుర్తునుండి కొలిచి, నీటి ఉప్పదనముతో సహా వ్రాసి ఉంచుడు. పొరుగువాని బావి కొలత మీ బావికి కావలి. ఉప్పు వచ్చిన పిమ్మట గీసిన పటము మన నష్టమును చూపునే గాని నీటిని తిరిగి తియ్యబరుపదు.