వరుసలో నిలబడ్డవాడిదా తప్పు?

మనవాళ్ళకు వరుసలో నిలబడే సంస్కారం లేదన్న మాట విని విని విసుగెత్తింది. ఆ మాట అనేవారిలో చాలామంది నాలుగు దేశాలు చూసి వచ్చినవారే. మా పాతబస్తీలో ఏ కార్యాలయం గుమ్మం ముందైనా పదిమంది గుమిగూడి కనబడితే చాలు, "అదే అక్కడైతేనా..." అని మొదలుపెడతారు. సరే, ముందు ఆ "అక్కడ" సంగతే చూద్దాం.

అక్కడ విహార నౌకలున్నాయి. వాటినే క్రూయిజ్ అంటున్నాం. మనకూ అవి బొత్తిగా కొత్త కాదు. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవు నుంచి కార్డీలియా నౌక బయలుదేరినప్పుడు మన పత్రికలన్నీ ఫొటోలు వేశాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికైతే సెలవుల్లో ఇదొక మామూలు వేడుక. పెద్ద నౌకలో నాలుగైదు వేలమంది ఎక్కుతారు. అందరూ నెలల ముందు డబ్బు కట్టినవారు, చదువుకున్నవారు, చేతిలో ఖరీదైన ఫోను ఉన్నవారు. అయినా ఎక్కిన మొదటి రోజున ఆ నౌకలో అన్నిటికన్నా పొడుగాటి వరుస ఎక్కడుంటుందో తెలుసా? భోజనశాల దగ్గర కాదు, ఈతకొలను దగ్గరా కాదు. గెస్ట్ సర్వీసెస్ అనే బల్ల ముందు! అనుభవజ్ఞులైన ప్రయాణికులు కొత్తవారికి చెప్పే మొదటి సలహాల్లో ఇదొకటి: మొదటి రోజు అటువైపు పోకండి, రాత్రి పొద్దుపోయాక వెళ్ళండి అని.

ఇంతకూ ఆ చదువుకున్న పెద్దమనుషులు అక్కడ అడిగేదేమిటి? గది తాళంగా పనిచేయవలసిన కార్డు తలుపు తీయడం లేదు. పెట్టె ఇంకా గదికి చేరలేదు. రాత్రి భోజనం తాము కోరిన వేళకు కాక మరో వేళకు రాశారు. కార్డు లేదు, ఖర్చుల ఖాతాలో నగదు కట్టాలి. పేరులో అక్షరం తప్పు పడింది. వీటిలో సగం, ముందే ఒక ముక్క చెప్పి ఉంటే అడగవలసిన అవసరమే లేనివి. పెట్టెలు ఒక్కొక్కటిగా సాయంత్రం దాకా వస్తూనే ఉంటాయని తెలిసినవాడు బల్ల దగ్గరికి పోడు, తెలియనివాడు పోతాడు. మిగతా సగం, యంత్రం తీర్చలేనివి. నిర్ణయించే అధికారం ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప తెమలనివి. ఆ అధికారాన్నేమో తెచ్చి ఒకే ఒక్క బల్ల మీద పెట్టారు. వేలమందికి ఒకే పూట సందేహాలు పుడతాయని తెలిసీ పెట్టారు.

కనుక నేను చెప్పదలచుకున్నది ఒకటే. విచారణ కిటికీ ముందు పెరిగే వరుస, జనం సంస్కారానికి కొలబద్ద కాదు. ఏర్పాటు చేసినవాడు సకాలంలో చెప్పకుండా దాచుకున్న జవాబులకు అది వడ్డీ. అసలు ఎగవేసింది వాడు, వడ్డీ కడుతున్నది నిలబడ్డవాడి కాళ్ళు.

"అంతమందికి ముందుగా చెప్పడం అయ్యే పనేనా?" అంటారేమో. ఎందుకు కాదు? 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా నౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అంతకు కొద్ది గంటల ముందే ఆ నౌక ఎక్కినవారికి, ప్రమాదం వస్తే ఎటు పోవాలో నేర్పే కసరత్తు ఇంకా జరగనే లేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమాన్ని బిగించారు. ఇప్పుడు కొత్తగా ఎక్కినవారికి నౌక కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ సంగతి చెప్పి తీరాలి. చెబుతున్నారు కూడా. అంటే నియమం మెడ మీద కూర్చుంటే, వేలమందిలో ప్రతి ఒక్కరికీ కబురు చేరుతుంది. నియమం లేని చోట మాత్రం "బల్ల దగ్గరికి వెళ్ళి కనుక్కోండి" అన్నమాటే మిగులుతుంది. ఇది చేతకానితనం కాదు, అక్కర లేకపోవడం.

ఇప్పుడు ఓడ దిగి మా బస్తీకి రండి.

2020 అక్టోబరు 13న కురిసిన వాన హైదరాబాదీలెవరూ మరచిపోయేది కాదు. ఆ తరువాత నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్ బాబా నగర్ వంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, బియ్యం నానాయి, పరుపులు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. 19న ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. 550 కోట్లు విడుదల చేసింది. మరునాటి నుంచి అధికారులు ఇళ్ళకు వచ్చి నగదు పంచారు. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. ఆ పంపకంలో అక్రమాలన్న ఆరోపణలు రావడంతో అది ఆగింది. నవంబరు నడిమికి, అందనివారు మీసేవా కేంద్రాల్లో దరఖాస్తు చేసుకోవచ్చునన్నారు. అంతే! తెల్లవారేసరికి నగరంలోని మీసేవా కేంద్రాలన్నిటి ముందు ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, చంకలో పసిబిడ్డలతో తల్లులూ. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని ఫోను ఎత్తిన ప్రతిసారీ హెచ్చరికలు వినిపిస్తున్న కరోనా కాలమది, గుర్తుందా?

ఆ రోజుల్లో మా వైపు ఒక వరుసలో ఉన్న పెద్దామెను అడిగాను.

"ఏమడుగుతున్నారు ఆపా లోపల?"

"మాలూమ్ నై భాయ్. ఆధార్ అంటున్నరు, బ్యాంకు బుక్కు అంటున్నరు. అన్నీ తెచ్చిన. కిరాయి ఇంట్ల ఉన్నోళ్ళకు ఇస్తరో ఇయ్యరో లోపలికి పోతే గానీ తెల్వదు."

ఒక పూట కూలి పోగొట్టుకుని ఆమె నిలబడింది డబ్బుకోసం కాదు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం. ఆ జవాబును కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి బయట గోడకు అంటిస్తే అయ్యేది జిగురు ఖర్చు. తెలంగాణలో 2017లోనే ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు కదా! ఆ హోదా గోడ మీద నాలుగు ముక్కలు రాయడానికైనా పనికిరాకపోతే ఎందుకు?

తరువాతి కథ వినండి. నగరపాలక ఎన్నికల ప్రకటన వెలువడింది. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం సాయాన్ని నిలిపివేయమంది. పొద్దుటినుంచి నిలబడ్డవారు వట్టి చేతులతో ఇంటిముఖం పట్టారు. డిసెంబరు 1న ఎన్నికలు ముగిశాయి. 7వ తేదీ నుంచి సాయం మళ్ళీ మొదలన్న మాట నాయకుల నోట వచ్చి ఉండటంతో, ఆనాడు జనం మళ్ళీ మీసేవా ముందు బారులు తీరారు. అప్పుడు నగరపాలక సంస్థ ప్రకటించింది: మీసేవాకు రానక్కరలేదు, మా బృందాలే వచ్చి విచారిస్తాయి, డబ్బు ఖాతాలో పడుతుంది అని. నిలబడ్డాక చెప్పారు! చేతులు కాలాక ఆకులు ఇవ్వడమంటే ఇదే. మరునాడు ఆ వరుసల ఛాయాచిత్రాలు చూసి మన పెద్దమనుషులు ఏమన్నారు? "ఎంత చెప్పినా వినరండీ ఈ జనం" అన్నారు. ఎంత చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

ఇక్కడొక వెక్కిరింత కూడా ఉంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించడానికే 2001లో ఈసేవా, 2011లో మీసేవా పుట్టాయి. వరుసల్ని చంపడానికి పుట్టిన యంత్రం ముందే నగరం చూసిన పెద్ద వరుసల్లో ఒకటి కట్టింది. యంత్రం తప్పేమీ లేదు. దరఖాస్తును అది పుచ్చుకుంటుంది, భయాన్ని పుచ్చుకోదు. గడువు ఎప్పటిదాకానో చెప్పకపోతే, ముందు వచ్చినవాడిదే అదృష్టమని ఎవడైనా అనుకుంటాడు. నౌకలో ప్రయాణికుడికి రాత్రి దాకా ఆగమని సలహా ఇవ్వవచ్చు; వాడి మంచం వాడికి రాసిపెట్టి ఉంది. నీళ్ళు మింగిన ఇంటి ఆపాకు అలా రాసిపెట్టిందేమీ లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదని నేర్చి పెరిగినవాళ్ళను పట్టుకుని, వచ్చి ఎందుకు అడిగారని కసురుకోవడం ఏమి న్యాయం?

"వరుసలు లేకపోతే దొంగ లబ్ధిదారులు దూరరా?" అని ఒక వాదం. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండించే వాదం ఇదే. వరుస దొంగను వడకట్టదయ్యా, బలహీనుణ్ణి వడకడుతుంది. ఎనిమిది గంటలు నిలబడగలిగినవాడు గెలుస్తాడు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ, కూలికి పోకపోతే పొయ్యి వెలగని మనిషి, బాలింత, వీళ్ళే రాలిపోతారు. దొంగకు ఓపికేం తక్కువ?

మరి వేరే దారి లేదా? ఇదే బస్తీ మనుషుల మరో ప్రయాణం చూడండి. పూర్వం హైదరాబాదు హాజీలు బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కేవారు. బొంబాయి నుంచి ఆ సముద్రయాత్ర 1995తో ముగిసి, అంతా విమానాల్లోకి మారింది. ఈ యాత్రలో సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే ఏం చేస్తారు? ఎవరు ముందు నిలబడ్డారని చూడరు, ఖుర్రా తీస్తారు. చీటీలో పేరు రానివాడు బాధపడతాడు గానీ, తెల్లవారుజామున వెళ్ళి ఉంటే దొరికేదన్న ఉక్రోషం ఉండదు. పేరు వచ్చినవారికి బయలుదేరకముందే శిక్షణ శిబిరాలు పెట్టి ఏ పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది చెబుతారు. వెంట మనుషుల్ని కూడా పంపుతారు. వారికి చాలాకాలం ఉన్న పేరు ఖాదిముల్ హుజ్జాజ్, అంటే యాత్రికుల సేవకులు. ఆ ఏర్పాటులో లోపాలు లేవనను. దాని వెనుక ఉన్న బుద్ధిని చూడమంటున్నాను. కొత్తచోటికి పోయే మనిషికి సందేహాలుంటాయి, అది వాడి తప్పు కాదు, జవాబు వాడి దగ్గరికే నడిచి పోవాలి అన్న బుద్ధి. వరుసలు కట్టే సంస్కారం లేదని పేరుపడ్డ ఆ మనుషులే ఈ ప్రయాణం చేసి వస్తున్నారు!

కాబట్టి ఏ అధికారైనా కిటికీ తెరిచే ముందు చేయవలసినవి నాలుగే. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది జనం భాషలో ముందురోజే గోడకెక్కించాలి. చివరి తేదీ చెప్పి, ఆ లోపు ఎప్పుడు వచ్చినా ఒకటేనని మాట ఇవ్వాలి. చిక్కుముడి ఉన్నవారికోసం, నిర్ణయించే అధికారం ఉన్న ఒక మనిషిని వరుస వెంట నడిపించాలి. నిలిపివేస్తే, నిలబడ్డవారి పేరు రాసుకుని రసీదు ఇచ్చి పంపాలి. వీటికి కోట్లు అక్కరలేదు.

ఇవి చేశాక కూడా జనం తోసుకుంటే, అప్పుడు సంస్కారం గురించి మాట్లాడుకుందాం. అంతవరకు నాదొక విన్నపం. ఈసారి ఎక్కడైనా పొడుగాటి వరుస కనబడితే, దాని తోక వైపు చూసి ఈసడించుకోకండి. తల వైపు చూడండి. అక్కడ మూసి ఉన్న కిటికీని అడగండి, జవాబు ఎందుకు దాచావని.