పెద్ద కారు... గుట్టు బేరం!

కాకినాడ సూర్యారావుపేట నుంచి వచ్చిన ఓ ఉత్తరమే ఈ వారం మన శీర్షికకి ముడిసరుకు. పేరు వెయ్యొద్దన్నాడు. వెయ్యం. చదవండి:

"అన్నగారూ! మీ శీర్షిక మా ఇంటిల్లిపాదీ చదువుతామండి. నాన్నగారు 2018లో జర్మనీ కంపెనీ పెద్ద కారు కొన్నారు. అప్పట్లో రొయ్య మా మీద దయగా ఉండేది. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు సుంకాలు పెంచాక రేటు పడిపోయి బాగా దెబ్బతిన్నాం. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి, మేత బాకీ తీర్చాలి. పెద్ద బండి ఇచ్చేసి 14 లక్షల్లో మామూలు బండికి మారిపోదామనుకున్నామండి. ఆ కొత్త బండి షోరూములోనే ఎక్స్ఛేంజి అడిగితే, మా కారుకి 12 లక్షలు, పైన ఓ లక్ష బోనసు ఇస్తామన్నారు. కొత్త కార్ల మీద జి.ఎస్.టి. తగ్గింది గనక మీ పాతదానికి 4 లక్షలు తగ్గించాల్సి వచ్చిందని కూడా చెప్పారు. బయట అమ్ముదామంటే నాన్నగారు ససేమిరా అంటున్నారు. బేరానికి పెడితే మన పని అయిపోయిందని ఊరంతా అనుకుంటారట. షోరూమువాళ్ళేమో రాత్రిపూట వచ్చి చడీచప్పుడు లేకుండా తీసుకెళ్ళిపోతామంటున్నారు. ఇచ్చెయ్యమంటారా?"

తమ్ముడూ, తాళాలు జేబులోనే ఉంచుకో! ఆ "చడీచప్పుడు లేకుండా" అన్న మాట ఉందే, దాని ఖరీదెంతో ముందు లెక్కేసుకుందాం. గుట్టుగా అమ్మేవాడు పది చోట్ల అడగడు. పది చోట్ల అడగనివాడికి ఒకటే రేటు తెలుస్తుంది. ఆ ఒక్క రేటు ఎప్పుడూ కొనేవాడికి అనుకూలంగానే ఉంటుంది. ఇది మీ షోరూము మీద నింద కాదు, వ్యాపార ధర్మం!

ఈ పరువు గొడవ మన సినిమావాళ్ళకి కొత్త కాదు. మద్రాసు రోజుల్లో తార అంటే పెద్ద విదేశీ కారు దిగాల్సిందే. కాకపోతే అప్పుడు రోజులు అమ్మేవాడివి. కొత్త అంబాసిడరో ఫియేటో కావాలంటే ఏళ్ళ తరబడి కాచుక్కూచోవాలి. అందువల్ల వాడిన కారుకి కొత్త దానికన్నా ఎక్కువ పలికిన సందర్భాలుండేవి. రాయబార కార్యాలయాలవాళ్ళు వాడి వదిలేసిన విదేశీ కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతుల మీదుగా అమ్ముడయ్యేవి. 1995లో పుణేలో బెంజి, 2007లో చెన్నైలో బి.ఎం.డబ్ల్యు. తయారవడం మొదలెట్టాక ఆ వైభవం పోయింది. ఇప్పుడు పెద్ద కారు భారీ బడ్జెట్ బొమ్మ లాంటిది. మొదటివారం హౌస్‌ఫుల్లు, మూడోవారానికి సగం కుర్చీలు ఖాళీ! వారంటీ అయిపోయాక రిపేరు ఖర్చు చూసి సెకండ్‌హ్యాండు కొనేవాళ్ళు జంకుతారు. కొనగలిగినవాళ్ళు కొత్త మోడలు వైపు చూస్తారు. అందుకే చిన్న కారు కన్నా పెద్ద కారు ధర తొందరగా పడిపోతుంది. ఇది ముందు ఒప్పుకోవాలి. నాన్నగారు ఎంత పెట్టి కొన్నారన్నది బేరంలో పనికిరాని లెక్క.

గ్రాసు వేరు, నెట్టు వేరు

మన పాఠకులకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పోస్టరు మీద గ్రాసు ఎంత వేసినా, ఈస్టు డిస్ట్రిబ్యూటరు చూసేది చేతికొచ్చిన షేరు. ఎక్స్ఛేంజిలోనూ అంతే. షోరూములో జరిగేది ఒక బేరం కాదు, రెండు. పాతది అమ్మడం ఒకటి, కొత్తది కొనడం ఒకటి. రెండూ ఒకే కాగితం మీద కలిపేస్తే ఎక్కడ ఇచ్చారో, ఎక్కడ లాగారో తెలీదు. అందుకని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇది: "నేను పాత బండి ఇవ్వకపోతే కొత్త బండి చివరాఖరి ధర ఎంత?" ఆ అంకె కాగితం మీద రాయించుకున్నాకే పాతదాని మాట ఎత్తాలి.

ఉదాహరణకి ఓ లెక్క. మీ షోరూము మాట ప్రకారం కొత్త బండి 14 లక్షలు, పాతదానికి 12, బోనసు 1. అంటే మీరే ఇంకో లక్ష ఎదురు కట్టాలి. పోనీ, పాత బండి బయట 16కి పోయిందనుకుందాం. ఎక్స్ఛేంజి లేకుండానే కొత్త బండి మీద ఓ 50 వేలు తగ్గించారనుకుందాం. 16 లోంచి 13న్నర తీసేస్తే రెండున్నర లక్షలు మిగులుతాయి. లక్ష కట్టడానికీ రెండున్నర మిగలడానికీ మధ్య తేడా మూడున్నర లక్షలు! చెల్లెలి ఫీజు ఎక్కడుందో కనబడిందా తమ్ముడూ? ఇక్కడ 16 అన్నది నేను లెక్క కోసం వేసుకున్న అంకె. మీ బండి అసలు రేటు తేలాలంటే మూడు నాలుగు చోట్ల చూపించాల్సిందే.

ఇక ఆ జి.ఎస్.టి. కథ. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను తగ్గిన మాట నిజం. అంతకుముందు పెద్ద ఎస్.యు.వి.ల మీద 28 శాతం జి.ఎస్.టి., 22 శాతం సెస్సు కలిసి 50 శాతం పడేది. ఇప్పుడు సెస్సు లేదు, 40 శాతమే. అప్పట్లో షోరూము ధర 60 లక్షలున్న బండి మీద తగ్గేది సుమారు 4 లక్షలు. కొత్తది తగ్గితే పాతదీ తగ్గుతుంది, ఒప్పుకుందాం. కానీ తగ్గాల్సింది ఆ నిష్పత్తిలో! 60లో 4 అంటే వందకి ఆరున్నర పైచిలుకు. 16 లక్షల బండికి ఆ లెక్కన తగ్గేది లక్ష చిల్లర. కొత్త బండి మీద తగ్గిన 4 లక్షలూ పాత బండి నెత్తిన రుద్దడం లెక్క కాదు, గారడీ.

వ్యాపారికీ కొంత మిగలాలి గదా! బండి కొని, కడిగి, టైర్లు మార్చి, వడ్డీ భరించి, ఎప్పుడో అమ్ముకుంటాడు. 2025 జనవరి నుంచి రిజిస్టరయిన వ్యాపారి పాత బండి అమ్మితే తన లాభం మీద 18 శాతం జి.ఎస్.టి. కట్టాలి. న్యాయమైన ధర అంటే అతనికి నష్టం చెయ్యడం కాదు. అదే సంవత్సరం, అదే మోడలు, ఇంచుమించు అంతే తిరిగిన బండిని అతను ఎంతకి అమ్ముతున్నాడో తెలుసుకో. అందులో రిపేర్లూ, పన్నూ, వడ్డీ, సబబైన లాభం తీసేస్తే మిగిలేదే న్యాయమైన ధర. ఇన్సూరెన్సు కాగితం మీదుండే ఐ.డి.వి. పట్టుకుని పేచీ పెట్టకు. అది బీమా లెక్క, బజారు లెక్క కాదు.

ఎవరికి చూపించాలి?

మామూలు కార్ల షోరూముకి జర్మనీ కారు కొనే ఖాతాదారు ఉండడు. వాళ్ళు తీసుకున్నా బ్రోకరుకి అప్పజెపుతారు. బ్రోకరు వాటా కూడా మీ ధరలోంచే! కాబట్టి ఆ కంపెనీవాళ్ళ సొంత పాత కార్ల విభాగానికి ఒకసారి, పెద్ద కార్లే అమ్మే హైదరాబాదు వ్యాపారులిద్దరికి ఒకసారి చూపించు. నాన్నగారి పరువుకి భంగం లేకుండా ఇదంతా జరుగుతుంది. సర్వీసు పేరు చెప్పి విశాఖపట్నం తీసుకెళ్ళి, అక్కడ ధర కట్టించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. భానుగుడి జంక్షన్లో బోర్డు పెట్టక్కర్లేదు!

ఒకటి గుర్తుంచుకో. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వేరే రాష్ట్రం. ఏపీ 05 నెంబరు బండిని హైదరాబాదు పార్టీ తన పేరున మార్పించుకోవాలంటే ఇక్కణ్ణించి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం పుచ్చుకోవాలి, అక్కడ పన్ను కట్టుకోవాలి. ఆ ఖర్చు ముందే తగ్గించి చెబుతాడు. అతని ధరనీ మన రాష్ట్రంలోనే ఉంచుకునేవాడి ధరనీ పోల్చేటప్పుడు ఈ తేడా చూసుకో.

డిక్కీ సంగతులు

1975లో "ముత్యాలముగ్గు" వచ్చిన దగ్గర్నుంచీ డిక్కీ అంటే మనవాళ్ళకి రావు గోపాలరావు గారే గుర్తొస్తారు. పాత కారు కొనేవాడికి మాత్రం డిక్కీ అంటే సాక్ష్యం. తివాచీ ఎత్తి, స్పేరు చక్రం గుంటలో వేలు పెట్టి చూస్తాడు. తుప్పుందా, బురద చారలున్నాయా అని. ఎందుకంటే మనది ఉప్పుగాలి ఊరు. ఉప్పాడ రోడ్డుని సముద్రం ఎన్నిసార్లు కోసుకుపోయిందో ఎరుగుదుం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన గోదావరి తీరంలోనే గట్టెక్కింది. అందుకని కోస్తా బండి అనగానే కొనేవాడికి అనుమానం. గొట్టం కాజా కొరికితే గానీ లోపలి పాకం తెలీనట్టు, బండి లోపల ఏముందో తెలీదని ముందుగానే ఓ లక్ష కోస్తాడు.

ఆ అనుమానం తీర్చేవి కాగితాలు. కంపెనీ సర్వీసు రికార్డు మొదటి నుంచీ తీయించు. రెండో తాళం వెతుకు. అది లేకపోతే పెద్ద కార్లలో బాగా ఖర్చవుతుంది. బండి కింది భాగం పైకెత్తి ఫొటోలు తీయించు. మునగని బండి అయితే ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్రే సాక్షి. మునిగిన బండి అయితే చెప్పే అమ్ము. దాచితే ఎలాగూ దొరుకుతుంది, దొరికాక మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. అమ్మబోయే ముందు పెద్ద రిపేర్ల మీద డబ్బు తగలెయ్యకు. చాలాసార్లు పెట్టినంతా తిరిగి రాదు. శుభ్రంగా కడిగించి, చిల్లర లోపాలు సరిచేయిస్తే చాలు. డిసెంబరు దాటనివ్వకు. జనవరి ఒకటి వస్తే బండి కదలకపోయినా కాగితం మీద ఓ ఏడాది పాతబడుతుంది!

మర్చిపోయే డబ్బు ఇంకోటుంది. అయిదేళ్ళు క్లెయిము లేకుండా ఇన్సూరెన్సు కట్టి ఉంటే 50 శాతం నో క్లెయిం బోనసు వస్తుంది. అది బండిది కాదు, యజమానిది! పాత బండి అమ్మాక ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఆ సర్టిఫికెట్టు తీసుకుంటే, మూడేళ్ళలోగా కొత్త బండి సొంత నష్టం ప్రీమియంలో తగ్గించుకోవచ్చు. అయితే పాలసీ ఎవరి పేరునుందో కొత్త బండీ వారి పేరునే ఉండాలి. పాత బండి వ్యాపారం పేరున ఉండి, తరుగుదల చూపించి ఉంటే మాత్రం అమ్మకం మీద జి.ఎస్.టి. ప్రశ్న వస్తుంది. పద్దుల్లో మిగిలిన విలువ కన్నా ఎక్కువకి అమ్మితే ఆ ఎక్కువ మీద పన్ను. ముందు ఆడిటరుని అడగండి.

చీకట్లో సంతకాలొద్దు

డబ్బు కన్నా పెద్ద ప్రమాదం గుట్టులోనే ఉంది. రాత్రిపూట బండి తీసుకెళ్ళేవాళ్ళు ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని, "పేరు తర్వాత మారుస్తాం లెండి" అంటారు. ఆ తర్వాత ఎప్పుడన్నది దేవుడికే ఎరుక. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఓ కేసులో తేల్చి చెప్పింది. కారు అమ్మేసి చేతులు మారి మారి వెళ్ళిపోయింది. ప్రమాదం జరిగింది. రిజిస్ట్రేషను పుస్తకంలో పేరు మొదటాయనదే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆయనదే అంది కోర్టు! అంటే పేరు మారేదాకా బండి నీదే, అది ఎక్కడ ఎవర్ని గుద్దినా.

ఉపాయముంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల వ్యాపారులకి రవాణాశాఖ అధికారపత్రం విధానం అమల్లోకొచ్చింది. అలాంటి వ్యాపారికి బండి ఇస్తూ ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, ఆనాటి నుంచి బాధ్యత అతని మీదికి పోతుంది. ఆ పత్రం లేనివాడికి ఇస్తే 14 రోజుల్లోగా రవాణాశాఖకి నువ్వే చెప్పాలి. బాకీ ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం, ఫారం 35 సిద్ధం చేసుకో. డబ్బు పూర్తిగా ఖాతాలో పడ్డాకే తాళం ఇవ్వు. ఇచ్చిన తేదీ, టైము రాయించుకో.

నాన్నగారికి నా మాటగా ఇది చెప్పు. కాకినాడ ఎన్నో చూసిన ఊరు. పెద్ద కారు కొన్నవాణ్ణీ చూసింది, అమ్మినవాణ్ణీ చూసింది. ఎవరి గురించయినా నాలుగురోజులు మాట్లాడుకుంటుంది, అయిదోరోజు కొత్త బొమ్మ విడుదలైతే అటు మళ్ళుతుంది. బాకీ తీర్చి, కూతురి ఫీజు టైముకి కట్టినాయన్ని చూసి పని అయిపోయిందని ఎవరన్నా అంటే, వాళ్ళకి పని లేదని అర్థం!

వచ్చేవారం మరో ఉత్తరం.