గార్డినర్ హీరో అయితే మరి హెన్రీ మాన్స్ ఎవరు?

సిడ్నీలో ఆన్‌సైట్ వెలగబెడుతున్న మా మిత్రుడొకడు ఫోన్ చేసినప్పుడల్లా ఫ్రాంక్ గార్డినర్ భజనే. "బంగారం గనుల రోజుల్లో గజదొంగరా.. ఏం ప్లానింగు, ఏం దర్జా!" అంటాడు. విని విని ఒళ్ళు మండి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా.

1862 జూన్ 15. న్యూ సౌత్ వేల్స్‌లోని ఫోర్బ్స్ గనుల నుంచి నలుగురు పోలీసుల కాపలాతో బంగారం బండి బయల్దేరింది. యుగోరా దగ్గర దారికి ఎడ్లబండ్లు అడ్డం పెట్టించి, గార్డినర్, ఇంకో ఏడుగురు రాళ్ళ చాటు నుంచి తుపాకులు పేల్చారు. సుమారు 2,700 ఔన్సుల బంగారం, 3,700 పౌండ్ల నగదు దోచుకున్నారు. మొత్తం విలువ దాదాపు 14,000 పౌండ్లు.

"ఒక్కడూ చావలేదుగా" అంటాడు మావాడు. ఇద్దరు పోలీసులకి గాయాలయ్యాయి. ప్రాణాలు పోకపోవడం వాళ్ళ అదృష్టం, గార్డినర్ దయ కాదు.

"పెద్దోళ్ళని కొట్టాడు" అనేది రెండో వాదన. ఆ బంగారం ఆకాశం నుంచి ఊడిపడలేదు బాబూ! మన్ను తవ్వి, నీళ్ళలో కడిగి తీసిన కూలీనాలీ జనం చెమట అది. దారిలో దొంగల భయం ఉంది కాబట్టే ఆ కాపలా.

అసలు సంగతి తర్వాత జరిగింది. ముఠాలో డాన్ చార్టర్స్ అప్రూవరై బయటపడ్డాడు. ముగ్గురికి ఉరిశిక్ష పడితే ఇద్దరికి తప్పింది. హెన్రీ మాన్స్ అనే ఇరవైల్లో ఉన్న కుర్రాణ్ణి 1863 మార్చిలో సిడ్నీలో ఉరి తీశారు. అదీ సరిగ్గా తీయలేక నరకం చూపించి మరీ చంపారు. 1865లో బెన్ హాల్‌ని పోలీసులు కాల్చేశారు.

మరి ప్లాను వేసిన మహానుభావుడు? వేరొకడి పెళ్ళాంతో క్వీన్స్‌లాండ్ పారిపోయి కొట్టు పెట్టుకున్నాడు. 1864లో దొరికాడు. వేరే నేరాలకి 32 ఏళ్ళు పడింది గానీ, యుగోరా దోపిడీకి మాత్రం శిక్షే పడలేదు! తోబుట్టువులు అర్జీ పెడితే, దేశం వదిలి పోవాలనే షరతు మీద 1874లో గవర్నర్ వదిలేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి బార్ నడుపుకున్నాడు.

వదలడం తప్పని నేననను. పదేళ్ళు జైల్లో మగ్గాడు, చాలు. నా గొడవల్లా ఆ భజనతోనే. ఐడియా ఇచ్చినవాడు బార్ కౌంటర్ వెనక, వాడి మాట విన్నవాడు ఉరికంబం మీద. మన ఫీల్డులో ఇలాంటి లీడ్‌ని ఏమంటామో మీకు నేను చెప్పాలా?

ఈసారి ఫోన్ చేస్తే మావాణ్ణి ఒక్కటే అడుగుతా: "ఆ ముఠాలో నువ్వుంటే గార్డినర్‌వి అయ్యేవాడివా, మాన్స్‌వి అయ్యేవాడివా?"