సముద్రంలో బావికి డేటా.. మడకశిరలో బోరుకు కొబ్బరికాయ!

మడకశిర: బోరు వేయాలంటే ముందు పాయింట్ పెట్టాలి. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే అక్కడే నీళ్లు.. వేపపుల్ల వంగితే అక్కడే రిగ్గు. ఈ కరవు సీమలో ఇప్పటికీ చాలామంది రైతుల నమ్మకం ఇదే. నీళ్లు పడితే పంట. దుమ్ము లేస్తే అప్పు.

ఇదే రాష్ట్రంలో, కాకినాడ తీరానికి అవతల సముద్రంలోనూ బావులు తవ్వుతున్నారు. అక్కడ వెతికేది నీళ్లు కాదు, చమురు, గ్యాస్. రెండుచోట్లా కనిపించని దాని కోసం డబ్బు పెట్టడమే. మరి తేడా ఎక్కడ? రికార్డుల్లో.

కేజీ బేసిన్‌లో ఎలా చేస్తారు?

కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాక్‌లో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. ఇలాంటి చోట్ల డ్రిల్లింగ్‌కు ముందే సర్వే ఓడలు శబ్ద తరంగాలను కిందికి పంపుతాయి. రాతి పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనులను రికార్డు చేస్తాయి. ఇదే సీస్మిక్ సర్వే. బావి తవ్వేటప్పుడు రాయి రకం, ఒత్తిడి వంటివన్నీ లోతు ప్రకారం నమోదవుతాయి. ఉత్పత్తి మొదలయ్యాక సెన్సర్లు రాత్రీపగలూ లెక్కలు పంపుతూనే ఉంటాయి.

అసలు కష్టం ఇక్కడే

డేటా కుప్పలుగా ఉంటే సరిపోదు. పాత సర్వేలు టేపుల్లో, బావుల వివరాలు కాగితాల్లో ఉంటాయి. ఒక రికార్డులో లోతు అడుగుల్లో, మరోదాంట్లో మీటర్లలో. ఒకచోట రిగ్గు పైనుంచి కొలిచారు, ఇంకోచోట సముద్ర మట్టం నుంచి. ఒకే బావికి రెండు పేర్లు. ఇవేవీ సరిచేయకుండా ఏఐకి ఇస్తే, తప్పు జవాబే ధీమాగా చెప్తుంది. బియ్యంలో రాళ్లు ఏరకుండా అన్నం వండినట్టే! అందుకే చమురు కంపెనీల డిజిటల్ పనిలో పెద్ద భాగం ఈ ఏరివేతకే పోతుంది.

అంచనా తప్పితే ఎవరికి నష్టం?

రిలయన్స్ కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. రోజుకు 80 మిలియన్ క్యూబిక్ మీటర్లు లక్ష్యం. 2010లో 60 దాటి, తర్వాత పడిపోతూ వచ్చింది. ప్రధాన క్షేత్రాల్లో 10 ట్రిలియన్ క్యూబిక్ అడుగులు తీయొచ్చన్న అంచనా దాదాపు 3కి తగ్గింది. 2020 ఫిబ్రవరిలో అవి మూతపడ్డాయి. భూగర్భం అనుకున్నదానికంటే క్లిష్టంగా ఉందని కంపెనీ చెప్పింది. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఈలోగా ఆ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన విద్యుత్ ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. అంటే డేటా ఉన్నా గ్యారంటీ లేదు. కానీ లెక్క ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలుంది.

ఫెయిలైన బావికీ విలువే

కేంద్రం 2017లో నేషనల్ డేటా రిపాజిటరీని ప్రారంభించింది. దేశంలోని చమురు సర్వేలు, బావుల వివరాలు ఒకేచోట ఉండాలన్నది ఉద్దేశం. చమురు పడని బావి వివరాలు కూడా తర్వాత వచ్చే కంపెనీకి పనికొస్తాయి. నార్వేలో ఈక్వినార్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. మూసేసిన వోల్వ్ క్షేత్రానికి సంబంధించి దాదాపు 40 వేల ఫైళ్లను 2018లో పరిశోధకులకు, విద్యార్థులకు ఇచ్చేసింది.

మరి మడకశిర మాటేంటి?

ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే దొరుకుతాయి. పక్క చేనులో పడ్డాయని మన చేనులో పడాలని లేదు. అందుకే ప్రతి బోరూ ఒక సమాచారమే. కానీ ఫెయిలైన బోరులో ఎన్ని అడుగులకు ఏ రాయి తగిలిందో చాలాసార్లు ఎక్కడా రాయరు. రైతు డబ్బుతోపాటు ఆ వివరమూ మట్టిలో కలిసిపోతోంది.

అలాగని ఇక్కడ దారి లేదని కాదు. 2002 నాటి వాల్టా చట్టం బావుల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటోంది. 2020లో వచ్చిన జలకళ పథకంలో సర్వే చేశాకే బోరు వేయాలన్న నిబంధన పెట్టారు. అంతకుముందే ఉమ్మడి అనంతపురం సహా 7 కరవు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు నడిచింది. వాన ఎంత పడింది, బోరులో నీటి మట్టం ఎంత అన్నది రైతులే కొలిచి, రాసుకుని, ఏ పంట వేయాలో లెక్కేసుకున్నారు. చదువు పెద్దగా లేనివారు కూడా ఈ పని చేసి చూపించారు.

ఇప్పుడైతే చేతిలో ఫోన్ ఉంది. సర్వే నంబరు, లొకేషన్, లోతు, తగిలిన రాయి, నీళ్లు పడ్డాయా లేదా.. రిగ్గు లారీ కదిలేలోపు ఈ ఐదు వివరాలు ఎక్కించొచ్చు. అందరూ ఒకే కొలతలో, ఒకే పద్ధతిలో రాస్తే చాలు. పక్క రైతు అదే రాయిలో మళ్లీ డబ్బు పోయకుండా ఆపేది ఆ రికార్డే.