కుటుంబ ఆరోగ్యము: తల్లి పళ్ళెము తల్లికే

(చదువుకొనుటకు: 1 రాజులు 19:4–8)



బదరీవృక్షము క్రింద అలసి పడుకొన్న ఏలీయాకు దేవుడు ముందుగా ఉపదేశము పంపలేదు. రొట్టె, నీళ్ళు పంపాడు. ఒకసారి తిని పడుకొన్నవానిని దూత మరల లేపి తినమన్నాడు. ఎందుకంటే ముందున్న ప్రయాణము దూరము. కడుపుతో ఉన్న స్త్రీ ప్రయాణమూ దూరమైనదే.

రామకృష్ణాపూర్ వంటి బొగ్గు గనుల ఊళ్ళలో పొయ్యి డ్యూటీ వేళలను బట్టి వెలుగుతుంది. మొదటి షిఫ్టుకు వెళ్ళేవారికి టిఫిన్ కట్టి, పిల్లలను బడికి పంపి, పెద్దలకు పెట్టి, చివరకు మిగిలినది తినేది ఇల్లాలే. ఆమె వట్టి మనిషి కానప్పుడు కూడ ఈ వరుస మారని ఇండ్లున్నవి. అటువంటి ఇంట తల్లికి రక్తము తగ్గుతుంది, బిడ్డ తక్కువ తూకముతో పుడుతుంది.

అందుకే తెలంగాణలో 2015 జనవరి 1న 'ఆరోగ్య లక్ష్మి' ఆరంభమైనది. అంగన్‌వాడీ కేంద్రములో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనము: అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇది ఎవరో వేసే భిక్ష కాదు. గర్భిణికి, కాన్పు తరువాత ఆరు నెలల వరకు తల్లికి ఉచిత భోజనము 2013 ఆహార భద్రతా చట్టము ఇచ్చిన హక్కు.

పోషణ కొరవడిన చోట గర్భిణులకు సమతుల్యమైన అదనపు ఆహారమిస్తే, బిడ్డ కడుపులోనే చనిపోవుట, మరీ చిన్నగా పుట్టుట తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెలిపింది. మాంసకృత్తులు మాత్రమే అధికముగా ఉన్న ఆహారమును అది సిఫారసు చేయలేదు. కనుక అప్పు చేసి ఖరీదైన పొడి డబ్బాలు కొననక్కరలేదు.

'అదనపు' అన్న మాటను గమనించండి. అంగన్‌వాడీలో తిన్నది కదా అని ఇంట్లో తగ్గిస్తే ఫలము లేదు. గ్రుడ్డును కొంగున దాచి పెద్దబిడ్డకు తెచ్చే తల్లి ప్రేమను మేము తప్పుపట్టము. కాని అది కడుపులోని బిడ్డ వంతు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న భయముతో కడుపు మాడ్చుకొనవద్దు. ఐరన్ మాత్రను టీతో వేసుకొనవద్దు.

అత్తలారా, భోజనము వేళకు కోడలి చేతిలోని పని మీరు తీసికొని ఆమెను పంపండి. భర్తలారా, ఆమె తిన్నదో లేదో అడగండి. స్త్రీల సమాజపు కూడికలలో గర్భిణుల కొరకు ప్రార్థించేటప్పుడు, వారు కేంద్రమునకు వెళ్తున్నారో లేదో కూడ విచారించండి.

దూత ఏలీయాను రెండుసార్లు లేపాడు. మన ఇంటి తల్లిని లేపి "తినమ్మా" అనవలసినది మనమే.