గోస విన్నరు సరే, రాసుకున్నరా?

నల్లగొండలోనో పాలమూరులోనో ఊరి ఆడోళ్ల సభ పెడితే ఒక తంతు నడుస్తది. వలసబోయి వచ్చిన తల్లిని, మొగుడు పురుగుల మందు తాగి చస్తే అప్పు నెత్తిన పడ్డ చెల్లెను మైకు ముందర నిలబెడతరు. ఆమె బతుకంతా విప్పి చెప్తది. వేదిక మీది పెద్దలు కండ్లు తుడుచుకుంటరు. ఆ వెంటనే నాయకుడు లేచి, ఆ గోసను తన ఉపన్యాసానికి తొలి మాట చేసుకుంటడు. సభ అయిపోతది. ఆమె చెప్పింది ఒక్క కాయితం మీద కూడా ఎక్కదు.

ఉద్యమంల తిరిగిన ఏండ్లల్ల ఇట్లాంటి సభలు మేము ఎన్నో చూసినం. అందుకే అడుగుతున్నం. ఆమె మాట నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టే పాటనా? సర్కారు జవాబు చెప్పాల్సిన సాక్ష్యమా?

ఆమె ఏం చెప్తున్నదో చెవిపెట్టి వినండ్రి. పాలమూరు వలస తల్లి ఏడ్పు ఒక్కటే చెప్పదు. గుంపు మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చిండు, ఎన్ని నెలలు మట్టిపని చేయించిండు, లెక్కల ఎంత పట్టుకున్నడు, పిల్లగాడు ఏ తరగతిల బడి మానిండు, అన్నీ చెప్తది. బోర్లు ఎండిన ఇంటి ఇల్లాలు ఎన్ని బోర్లు ఏసినరో, ఎన్ని ఫీట్లు పోయినరో, నూటికి ఎంత మిత్తికి తెచ్చినరో చెప్తది. మర్రిగూడ దిక్కు తల్లి ఏ బోరు నీళ్లు తాగినరో, ఏ ఏట పిల్ల కాళ్లు వంకర పోయినయో చెప్తది. ఊర్లు, ఏండ్లు, పైసలు, మనుషులు! కోర్టు ఇంతకన్న ఏం అడుగుతది? కానీ ఇదే సంగతి ఆఫీసుకు పోయి చెప్తే, "రుజువు తీసుకరా" అంటరు.

రాసుకుంటే ఏమైతదో మనకు తెల్వంది కాదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" అచ్చేసింది. తెలంగాణ సాయుధ పోరాటంల ఉన్న ఆడోళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పింది వాళ్ల నోటి మాటలనే పుస్తకం చేసినరు. అప్పటికి పోరాటం ఆగి 35 ఏండ్లు. ఆ తల్లులు దళాల సంగతి ఒక్కటే చెప్పలేదు. 1951లో పోరాటం విరమించినంక, ఇగ ఇండ్లకు పోండ్రి అన్నప్పుడు తగిలిన దెబ్బ కూడా చెప్పినరు. దానితోని పోరాటం చిన్నగైందా? కాలేదు. మరింత నిజమైంది. 1989లో ఇంగ్లీషుల వచ్చి దేశదేశాల జనం చదివినరు.

మన సభలల్ల ఇంకో రోగం ఉన్నది. పరాయి పాలకుల మీద చెప్తే చప్పట్లు. అదే తల్లి మొగుడి తాగుడు గురించో, మేస్త్రీ వంకర చూపు గురించో, మన ఊరి పెద్దమనిషి కబ్జా పెట్టిన చెలక గురించో ఎత్తుకుంటే, "అమ్మా, టైమయింది" అంటరు. ఇంటి సంగతులు బయటపడితే ఉద్యమం పలచన అయితదట! ఆమెకు బతుకు ఒక్కటే. నీళ్ల గోస ఒక దిక్కు, ఇంటి గోస ఒక దిక్కు పంచి పెట్టుకోలేదు. సగం విని సగం నోరు మూసేది వినుడు ఎట్లయితది?

వినకుంటే ఏమైందో చూసినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బతుకమ్మలెత్తి రోడ్ల మీద కూసున్నది ఎవరు? తొలి మంత్రివర్గంల మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. 2019 సెప్టెంబరు దాకా, అంటే అయిదేండ్లకు పైన, తెలంగాణ ఒక్క మహిళా మంత్రి లేకుండ నడిచింది.

ఐలమ్మ సంగతే చూడండ్రి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిల విసునూరు దొరకు ఎదురునిలిచి పంట కాపాడుకున్న తల్లి. విగ్రహాలు పెట్టినం. 2024లో హైదరాబాదుల మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినరు. సంతోషమే. కానీ ఆమె దున్నింది కౌలు భూమి! 2018ల రైతుబంధు, రైతుబీమా తెచ్చినప్పుడు రెండూ పట్టా ఉన్నోళ్లకే. కౌలు రైతు ఉరేసుకుంటే అతని పెండ్లాం చేతిల పాసుబుక్కు లేదు, బీమా లేదు. ఐలమ్మ పేరు బోర్డుల మీద ఉన్నది, ఐలమ్మ అసొంటి తల్లి పేరు రికార్డుల లేదు. ఆమె కౌలు చేసిందని చెప్పేందుకు మిగిలింది ఆమె నోటి మాటనే. ఆ మాటను గాలికి వదిలితే ఆమె రైతే కాకుండ పోతది.

గోస కాయితం మీదికి ఎక్కితే దాని బలం వేరు. 1996ల జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ గోస చెప్పేందుకు నల్లగొండ లోక్‌సభ సీటుకు జనం గుంపులు గుంపులుగ నామినేషన్లు ఏసినరు. 480 మంది బరిల నిలిచినరు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఏండ్ల సంది ఏడిస్తే తిరిగి చూడని దేశం అప్పుడు నల్లగొండ దిక్కు చూసింది.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సభకు పోయేటప్పుడు నోటుబుక్కు పట్టుకపోండ్రి. ఆమె మాటను ఆమె యాసలనే రాయండ్రి, మీ ఇంగ్లీషు ముక్కలు కలపకండ్రి. రాసింది ఆమెకు చదివి వినిపించండ్రి. వద్దన్న మాట కొట్టేయండ్రి, పేరు వద్దంటే పేరు తీసేయండ్రి. ఒప్పుకుంటే సంతకమో వేలిముద్రో పెట్టించి, ఒక కాపీ ఆమె చేతికే ఇయ్యండ్రి.

ఉద్యోగ మిత్రులారా! ఫైలు భాష మీకు తెలుసు. ఆ మాటను దరఖాస్తుగ మలిచి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇప్పించి రసీదు తీసుకునేటట్టు చూడండ్రి. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది. ఏం చేసినరో రాతపూర్వకంగ అడగండ్రి. వచ్చిన జవాబును అదే ఊరికి తీసుకపోయి, అదే ఆడోళ్ల నడుమ చదవండ్రి.

నాయకులకు ఒక్క మాట. ఆమె మాట్లాడినంక మీరు మాట్లాడొద్దు. ఆమె అడిగినదానికి జవాబుంటే చెప్పండ్రి, లేకుంటే కూసొని రాసుకోండ్రి. వచ్చే సభకు శాలువలు, పూలదండలు బందుపెట్టి, ఆ పైసలతోని నోటుబుక్కులు కొనండ్రి.